అశ్వహృదయ మెఱిగిన రాయలు

విజయవాడలో ఇంద్రకీలాద్రిని దాటి కృష్ణ ఒడ్డు వెంట పడమరగా సాగితే భవానీపురం వస్తుంది. అదే దారి గొల్లపూడి, ఇబ్రహీంపట్నాల మీదుగా కొండపల్లి కోట పాదానికి చేరుస్తుంది. నేడు లారీలతో, బస్సులతో క్షణం తీరిక లేని ఈ నదీతీరం ఐదువందల ఏళ్ళ క్రితం ఒక మహాసేనను చూసింది. కళింగ దండయాత్రకు బయలుదేరిన శ్రీకృష్ణదేవరాయలు విజయవాడలో కొన్ని దినాలు విడిసి, అక్కడి నుంచి కృష్ణ దిగువనున్న శ్రీకాకుళానికి వెళ్ళి ఆంధ్రమహావిష్ణువును సేవించినట్లు ఆముక్తమాల్యద అవతారికలో తానే చెప్పుకొన్నాడు. స్వామి కలలో కనిపించి తెలుగులో కావ్యం వ్రాయుమని ఆదేశించిన కథ తెలుగువారందరికీ తెలిసినదే.

ఆ కల వెనుక ఉన్న సేనను మాత్రం సాహిత్యం చదివేవారు సాధారణంగా తలచుకోరు. సేన నది ఒడ్డున దిగిందంటే మొదట జరిగే పని మనుషుల వంట కాదు. జీనులు దించి గుఱ్ఱాల వీపులు ఆరనివ్వాలి, చెమట చల్లారిన తరువాత నీరు పెట్టాలి, డెక్కలలో ఇరుక్కున్న రాళ్ళు ఏరాలి, ఉలవలు ఉడికించాలి. రౌతు ఆకలి తరువాతి మాట. రాయలు కవి, కవిపోషకుడు అన్నంత ప్రసిద్ధంగా ఆయన గొప్ప రౌతు అన్న సంగతి ప్రసిద్ధం కాలేదు. ఆయన రాజ్యం నిలిచింది ఎక్కువ భాగం గుఱ్ఱాల మీదనే.

తుళువ నరసనాయకునికి, నాగమాంబకు జన్మించిన కృష్ణరాయలు 1509లో అన్నగారైన వీరనరసింహరాయల తరువాత సింహాసన మెక్కాడు. ఆనాటి దక్షిణాపథంలో ముగ్గురు ప్రభువులను మూడు బిరుదాలతో వ్యవహరించేవారు. ఉత్తరాన తురుష్క ప్రభువులు అశ్వపతులు. ఏనుగుల అడవులున్న కళింగాన్ని ఏలినవారు గజపతులు. విజయనగర ప్రభువు నరపతి. బిరుదాలుగా ఇవి వినసొంపుగానే ఉంటాయి. కాని నరపతి అన్న మాటలో ఒక లోటు కూడా దాగి ఉంది: ఆయనకు మనుషులకు కొదవ లేదు, మేలైన గుఱ్ఱాలకు మాత్రం పొరుగువారి వైపు, సముద్రం వైపు చూడవలసిందే. దక్కను నేలమీద పుట్టే నాటు గుఱ్ఱం బరువులు మోయగలదు, కొండదారులు ఎక్కగలదు. కవచధారియైన రౌతును మోస్తూ శత్రువ్యూహం మీదికి దూకడానికి అరబ్బు, పారశీక జాతులే కావాలి. అవి హొర్ముజు రేవు నుంచి ఓడలలో రావాలి.

రాయలు రాజు కావడానికి కొద్ది ఏళ్ళ ముందు విజయనగరానికి వచ్చిన ఇటలీ యాత్రికుడు వర్తెమా ఇక్కడ గుఱ్ఱం వెల మూడు నాలుగు వందల వరహాలకు తక్కువ ఉండదనీ, కొన్నిటిని ఎనిమిది వందలు పోసి కొంటారనీ వ్రాశాడు. ఆడగుఱ్ఱాలు ఇక్కడ అరుదు. రేవులు చేతిలో ఉన్న రాజులు వాటిని రానివ్వరు. వస్తే ఇక్కడే సంతతి పెరుగుతుంది, ఆ తరువాత బేరం సాగదు! ఇంతకు రెండు శతాబ్దాల ముందే, మన మోటుపల్లి రేవును కూడా ప్రస్తావించిన మార్కో పోలో, తమిళదేశపు రాజులు ఏటా వేల గుఱ్ఱాలు కొంటారనీ, వాటిని సాకడం తెలియక ఏడాది తిరిగేసరికి చాలావాటిని పోగొట్టుకొంటారనీ వ్రాశాడు. అన్నం, మాంసం కలిపి వండి పెడతారని ఆయన ఆశ్చర్యపోయాడు. గుఱ్ఱాల వైద్యులను ఇక్కడికి రానివ్వకుండా వర్తకులు జాగ్రత్తపడతారట. గుఱ్ఱం చచ్చిపోతేనే మరో గుఱ్ఱం అమ్ముడుపోతుంది గదా.

వెల పెట్టి కొన్నంత మాత్రాన గుఱ్ఱం రౌతుది కాదు. అది స్వభావంచేత భీరువు. గడ్డి మేసి బ్రతికే జంతువు. పులికి, తోడేలుకు ఎరయై, వాటి నుంచి పరుగెత్తి ప్రాణం దక్కించుకొన్న జాతి. అనుమానం కలిగితే ముందు పరుగు, ఆ తరువాతే ఆలోచన. కళ్ళు తలకు ఇరుపక్కలా ఉండడంవల్ల అది దాదాపు తన చుట్టూ చూడగలదు. నుదుటికి సూటిగా ముందున్నదీ, తోకకు సూటిగా వెనుకనున్నదీ మాత్రమే దానికి కనిపించవు. అందుకే తెలిసినవాడు వెనుక నుంచి పోడు. భుజం వైపు నుంచి, మాట వినిపిస్తూ దగ్గరకు వెళ్తాడు. వీపు మీద ఈగ వాలినా చర్మం వణికించగల జంతువుకు రౌతు తొడల బిగువు, నడుము వంపు, కళ్ళెం పట్టిన చేతి వణుకు తెలియకుండా ఉండవు. రౌతు భయపడితే అది గుఱ్ఱానికి అతనికన్న ముందే తెలుస్తుంది. అది కూడా మాట్లాడుతుంది, నోటితో కాదు, చెవులతో. చెవులు ముందుకు నిక్కితే కుతూహలం. మెడకు అంటుకొని వెనక్కి వాలితే కోపం. ఒక చెవి రౌతు వైపు తిరిగి ఉంటే అది అతని మాట వింటున్నదన్న మాట.

ఇట్టి ప్రాణి చీకటి ఓడలో వారాల తరబడి కట్టుబడి, అలల మీద ఊగి, తెలియని నేల మీద దిగుతుంది. ఎండ వేరు, నీరు వేరు, గడ్డి వేరు. మనుషుల భాష వేరు, ఒంటి వాసన వేరు. పైగా విజయనగర సేనలో ఏనుగులున్నాయి. అలవాటు లేని గుఱ్ఱానికి ఏనుగు వాసన సోకితే చాలు, అదుపు తప్పుతుంది. ఫిరంగి మోత సంగతి చెప్పనే అక్కరలేదు. ఇన్ని భయాలను ఒక్కొక్కటిగా పోగొట్టి, ఇతని వెంట ఉంటే నాకు కీడు లేదు అన్న నమ్మకాన్ని దానికి కలిగించడమే అశ్వశిక్ష. నలమహారాజు ఎఱిగినదని భారతం చెప్పే అశ్వహృదయ విద్యకు సారం ఇదే అనుకోవచ్చు.

రాయలు ఈ పనిని సేవకులకు అప్పగించి తాను సింహాసనం మీద కూర్చున్నవాడు కాడు. ఆయనను కళ్ళారా చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఆయన దినచర్యను శ్రద్ధగా వర్ణించాడు. మధ్యమమైన ఎత్తు, తెల్లని ఛాయ, కొంచెం స్థూలమైన శరీరం, ముఖాన మశూచి మచ్చలు. తెల్లవారకముందే లేచి నువ్వులనూనె త్రాగి, ఒంటినిండా అదే నూనె పట్టించుకొని, బరువు లెత్తి, కత్తి తిప్పి, త్రాగిన నూనె అంతా చెమటగా వెడలేదాకా సాము చేసేవాడట. ఆ పిమ్మట ఒక మల్లునితో కుస్తీ. చివరకు గుఱ్ఱమెక్కి తెల్లవారేదాకా మైదానంలో అటూ ఇటూ దౌడు తీసేవాడు. ఇవన్నీ అయిన తరువాతే స్నానం, దేవపూజ, రాజకార్యాలు.

పేస్ దీనిని రాజుగారి దేహబలానికి నిదర్శనంగా చెప్పాడు. కాని మల్లునితో సాము శరీరం కోసం. గుఱ్ఱంతో సాము ఆ ఇద్దరి కోసం. గుఱ్ఱానికి పండుగలు తెలియవు, బిరుదాలు తెలియవు. మోస్తున్నది రాజునని దానికి తెలియదు. ప్రతి ఉదయం అదే వేళకు, అదే తీరున వచ్చి ఎక్కే మనిషిని మాత్రం అది గుర్తిస్తుంది. అమరకోశం అశ్వగతులను ఐదింటిని పేర్కొంటుంది: ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం. ఒక గతి నుంచి మరొక గతికి మళ్ళించడానికి కొరడా అక్కరలేని స్థితి వచ్చేది నిత్యాభ్యాసంతోనే.

అశ్వశాస్త్రం మన దేశంలో ప్రాచీనమైనది. శాలిహోత్రుని పేర, నకులుని పేర సంస్కృత గ్రంథాలున్నాయి. తెలుగులో మనుమంచి భట్టు అశ్వలక్షణాలను పద్యాలలో చెప్పాడు. వన్నెలు, సుడులు, శుభాశుభాలు ఈ గ్రంథాలలో ఎక్కువ చోటు ఆక్రమిస్తాయి. నేటివారికి అవి వింతగా తోచవచ్చును. కాని దండన విషయంలో ప్రాచీనులు చెప్పినది మాత్రం ఏ కాలానికైనా చెల్లుతుంది. తప్పు చేసిన క్షణంలోనే, ఆ తప్పుకు తగిన చోటనే, తగినంతే కొట్టాలి. కాని చోట కొడితే, వేళ తప్పి కొడితే గుఱ్ఱానికి కొత్త దోషాలు అబ్బుతాయి. అవి దాని బ్రతుకంతా పోవు. కోపంతో కొట్టే రౌతు గుఱ్ఱానికి నేర్పేది ఒక్కటే, తనను చూసి భయపడడం.

రాయల తరువాత కొద్దికాలానికే, అచ్యుతరాయల ఏలుబడిలో విజయనగరంలో ఉన్న న్యూనిజ్ స్వయంగా గుఱ్ఱాల వర్తకుడు. అందువల్ల ఆయన కన్ను ముందుగా లాయాల మీదనే పడింది. రాజు ఏటా 13,000 గుఱ్ఱాలు కొంటాడనీ, మేలైనవి తన లాయానికి ఏరుకొని తక్కినవి నాయకులకు ఇస్తాడనీ ఆయన వ్రాశాడు. కొలువులో గుఱ్ఱాలను కనిపెట్టుకొని ఉండేవారు 1600 మంది, శిక్షకులు 300 మంది. గుఱ్ఱాలకు, ఏనుగులకు కలిపి ఒక పెద్ద వంటశాల. అందులో పెద్దపెద్ద రాగి కాగులు, వంటవారు, వారిపై అధికారులు. శనగలు, బియ్యం, పెసలు మొదలైన ధాన్యాలు అక్కడ ఉడికేవి. మార్కో పోలో చూసి నవ్విన దేశం రెండు శతాబ్దాలలో ఎంత నేర్చుకొన్నదో ఈ కాగులే చెబుతాయి.

ఆ లాయపు ఏర్పాట్లలో అన్నిటికన్న గమనింపదగినది మరొకటి ఉంది. రాజు గుఱ్ఱాలకు ముద్ర ఉండేది. గుఱ్ఱం చనిపోతే ముద్ర ఉన్న చర్మపు ముక్కను కోసి తెచ్చి అశ్వాధ్యక్షునికి చూపితే మరొక గుఱ్ఱం ఇచ్చేవారు. బ్రతికి ఉన్నంతకాలం అది ఎట్లా ఉన్నదో విచారించేవారు. గుఱ్ఱాన్ని చక్కగా చూసుకొనే రౌతుకు దానికన్న మేలైనది దక్కేది. అశ్రద్ధ చేసినవాని నుంచి ఉన్నదాన్ని తీసికొని నాసిరకపుదాన్ని అంటగట్టేవారు. రౌతు పదవి, పరువు గుఱ్ఱపు డొక్కల మీద కనిపించేవన్న మాట. గుఱ్ఱం గుడ్డిదైనా దాణా తప్పదని మన సామెత. అది ఖర్చును గురించి విసుక్కొనే సామెత. రాయలు విసుక్కోలేదు. ఏనుగులను, గుఱ్ఱాలను కొనడానికి, మేపడానికి అయ్యే వ్యయాన్ని అసలు వ్యయంగానే లెక్కింపరాదని ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగంలో చెప్పాడు.

మహర్నవమి ఉత్సవాలలో ఈ గుఱ్ఱాలకు మనుషులతో సమానమైన మర్యాద జరిగేది. పట్టుబట్టలు, బంగారు సొమ్ములు పెట్టి వాటిని వరుసలుగా రాజు ఎదుటికి తెచ్చేవారు. ముందు రెండు ఛత్రాల నీడలో పట్టపుగుఱ్ఱం నడిచేది. కొత్తగా వచ్చే రాజు దాని మీదనే ప్రమాణం స్వీకరించాలి. అది చనిపోతే ఆ స్థానంలో మరొకదాన్ని నిలిపేవారు. పురోహితులు కొబ్బరికాయ, బియ్యం, పూలు ఉన్న పళ్ళెంతో, నీటి కలశాలతో గుఱ్ఱాల చుట్టూ తిరిగేవారు. ఇదంతా పేస్ చూసి వ్రాసినదే. జనసందోహం, వాద్యాల హోరు, దీపాల వెలుగు, పక్కనే ఏనుగులు. ఇన్నిటి నడుమ బెదరక నిలిచి ఉండడం గుఱ్ఱానికి ఒకనాటితో వచ్చే విద్య కాదు. చూసేవారికి అది వైభవం, శిక్షకులకు పరీక్ష.

గుఱ్ఱాల కోసం మనుషులను కూడా మచ్చిక చేసుకోవాలి. దూరదేశాల నుంచి ఏనుగులను, గుఱ్ఱాలను తెచ్చే వర్తకులకు నగరంలో మంచి నివాసాలు, గ్రామాలు ఇచ్చి, ప్రతిదినం దర్శనమిచ్చి, బహుమతులతో ఆదరించి, న్యాయమైన లాభం దక్కనిస్తే వారి సరకు శత్రువులకు చేరదని రాయలు వ్రాశాడు. 1510లో గోవా పోర్చుగీసుల వశమైన తరువాత అరబ్బు గుఱ్ఱాల బేరమంతా వారి చేతిలోకి పోయింది. విజయనగరం, బిజాపురం రెండూ వారి ముఖం చూడవలసి వచ్చింది. ఈ పోటీలోనే ఒక నమ్మకద్రోహం జరిగింది. గోవాలో గుఱ్ఱాలు కొని తెమ్మని రాయలు సీదీ మర్కర్ అనే వర్తకునికి 40,000 వరహాలు ఇచ్చి పంపగా, అతడు ఆ ధనంతో బిజాపురం ఏలికయైన ఆదిల్‌షా ప్రాపులో చేరాడు. అతనిని అప్పగించవలసిందిగా రాయలు కోరాడు. ఆదిల్‌షా అప్పగించలేదు. రాయచూరు యుద్ధానికి కారణం ఇదేనని న్యూనిజ్ వ్రాశాడు. రాయచూరు మీద రెండు రాజ్యాలకూ తరతరాల కన్ను ఉన్నది. ఇది సాకు మాత్రమే కావచ్చు. అయినా, గుఱ్ఱాల సొమ్ము సాకుగా చెల్లిందంటే ఆ కాలంలో గుఱ్ఱానికి ఉన్న విలువ తెలుస్తుంది.

1520 మే 19న రాయచూరు సమీపంలో సేనలు ఢీకొన్నాయి. ఆదిల్‌షా కృష్ణను దాటి వచ్చి ఫిరంగులు నిలిపి ఉన్నాడు. రాయల ముందుదళాలు తాకేదాకా ఊరుకొని, ఒక్కసారిగా అన్నీ పేల్చారు. దళాలు చెదిరి వెనుదిరిగాయి. పారిపోయి వస్తున్నవారు రాజు ఉన్న రెండవ శ్రేణిమీదికే వచ్చి పడ్డారు. ఇంక ఓటమే అనిపించిన ఆ క్షణంలో రాయలు తన వ్రేలి ఉంగరం తీసి ఒక పరిచారకునికి ఇచ్చాడు. తాను మరణిస్తే రాణులకు ఆనవాలుగా చూపడానికి. పిమ్మట గుఱ్ఱమెక్కి, వెనుదిరిగినవారిని నరకమని ఆజ్ఞాపించి, శ్రేణి మొత్తాన్ని ముందుకు నడిపించాడు.

ఎదుట పొగ, మందుగుండు వాసన, కూలిన గుఱ్ఱాల అరుపులు, తమవైపే దూసుకువస్తున్న జనం. పారిపొమ్మని జాతిస్వభావమంతా చెప్పే ఆ చోటికి గుఱ్ఱం ముందుకే అడుగు వేయాలంటే తన స్వభావాన్ని కాదని వీపుమీది మనిషిని నమ్మాలి. తెల్లవారుజాముల దౌడుకు ఫలం అడిగే సమయం అదే. శత్రుసేన నిలువలేక కృష్ణలోకి వెనుదిరిగింది. ఏటిలో పడి చచ్చినవారు ఎందరో. విజేతలకు చిక్కిన సొత్తులో హొర్ముజు గుఱ్ఱాలే 4,000 అని న్యూనిజ్ లెక్క. తరువాత కోట ముట్టడిలో తుపాకులతో తోడ్పడిన పోర్చుగీసువారి నాయకుడు క్రిస్తోవావ్ ద ఫిగ్వెరేదో అక్కడికి వచ్చిన పని కూడా గుఱ్ఱాలు అమ్ముకోవడమే.

రాయలను పేస్ ఎంతగానో మెచ్చుకొన్నాడు. నిండైన ఉల్లాసం, అతిథులపట్ల ఆదరం, న్యాయబుద్ధి ఉన్నవాడన్నాడు. ఒక్క మాట మాత్రం దాచలేదు: ఆయనకు ఉన్నట్టుండి తీవ్రమైన కోపం వచ్చేదట. గుఱ్ఱం దగ్గర ఆ కోపం పనికిరాదు. అక్కడ అణచుకొనే ఉంటాడు. కొలువులో అణచుకోలేకపోయాడు. 1524లో తన పసికుమారుడు తిరుమలరాయలకు పట్టం కట్టి తాను మంత్రిగా నిలిచాడు. కొన్ని నెలలకే ఆ బాలుడు మరణించాడు. విషప్రయోగమన్న అనుమానం తిమ్మరుసు కుటుంబంమీదికి పోయింది. రాజ్యానికి రాకముందు రాయల కన్నులు తీయించమని వీరనరసింహరాయలు ఆజ్ఞాపిస్తే, మేక కళ్ళు చూపి కాపాడినవాడు తిమ్మరుసేనని న్యూనిజ్ కథనం. ఆ అప్పాజీ కన్నులే రాయల ఆజ్ఞతో పోయాయని కూడా ఆయనే వ్రాశాడు. బెదరే ప్రాణికి నమ్మకం కలిగించడం తెలిసిన ప్రభువు, తనను పెంచి గద్దె నెక్కించిన మనిషిని నమ్మలేకపోయాడు. ఆయన జీవితంలో అన్నిటికన్న బాధాకరమైన ఘట్టం ఇది. ఏ విజయమూ దీనిని కప్పిపుచ్చలేదు.

1529లో రాయలు మరణించాడు. తమ్ముడు అచ్యుతరాయలు రాజయ్యాడు. లాయాల వంటశాలలో కాగులు అట్లాగే ఉడుకుతుండడం న్యూనిజ్ చూసింది ఆయన కాలంలోనే. 1565 యుద్ధం తరువాత నగరం పాడుపడింది. హంపీలో హజార రామాలయపు ప్రాకారం వెలుపలి వైపున నాటి మహర్నవమి ఊరేగింపు రాతిలో మిగిలి ఉంది. ఏనుగుల వరుస, నర్తకీమణుల వరుస, భటుల వరుస. వాటి మధ్య గుఱ్ఱాల వరుస. ఆ గుఱ్ఱాలలో పలువాటి వీపుమీద ఎవరూ లేరు. కళ్ళెం పట్టుకొని పక్కన ఒక మనిషి నడుస్తున్నాడు.